కలుషితం అని రాసిన సీసా

మా మేనత్త ఇంట్లో గుడ్డు వండరు. అది ఆచారమూ కాదు, డాక్టరు వద్దన్నదీ కాదు. నెలకోసారి ఆవిడ తన లేబొరేటరీలో రెండు వందల గుడ్లు పగలగొట్టి, గిలక్కొట్టి, గుడ్డలో వడకట్టి, ఏవో లవణాలూ ఆకుపచ్చ రంగూ కలిపి, చిన్న చిన్న సీసాల్లో పోసి ఏటవాలుగా గడ్డ కట్టిస్తుంది. ఆ గడ్డమీద క్షయ క్రిమిని పెంచుతుంది. ఆ క్రిమికి గుడ్డంటే ప్రాణం. నాలుగు నుంచి ఆరు వారాలు తీరుబడిగా మేసి, ఎండిన రొట్టెపొడి చల్లినట్టు గోధుమరంగులో గరుగ్గా పైకి తేలుతుంది.

"అది తినే కంచంలో నేనూ తినాలా?" అంటుంది అత్త.

"సీసాలో పెంచుకునే పురుగుకి గుడ్డు, కట్టుకున్న మొగుడికి సొరకాయ," అని మావయ్య ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. భార్య ఉద్యోగం మీద ఆయనకున్న ఫిర్యాదు అదొక్కటే.

పై చదువుకోసం రెండేళ్ళు నేను వాళ్ళింట్లో ఉన్నాను. సాయంత్రం ఆరింటికి అత్త పెరటి తలుపులోంచి వచ్చి నేరుగా స్నానాల గదిలోకి పోయేది. బయటికొచ్చేదాకా ఎవరూ పలకరించకూడదు. ఒంటికి రెండుసార్లు సబ్బు, చేతులకి మూడోసారి. అయినా పక్కన కూర్చుంటే ఫినాయిలు వాసన వచ్చేది. ఆ వాసన కింద ఇంకేదో ఉందని నా ముక్కు అనుకునేది. బంధువుల్లో ఆవిడ పేరు తెమడత్త. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఆవిడ పక్క కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉండేది. ఆవిడ ఎవర్నీ వచ్చి కూర్చోమనేది కాదు. "గాలి బాగా తగులుతుంది, మంచిదే," అనేది.

నిజం చెప్పాలంటే నాకూ రోతగానే ఉండేది. తెమడ అనే మాట భోజనాల దగ్గర అంత సులువుగా వాడే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. "ఇవాళ ఒకడు మంచి తెమడ తెచ్చాడు," అని ముద్ద కలుపుతూ చెప్పేది. మంచి తెమడట!

ఆవిడ పనిచేసే చోటు ఆసుపత్రి వెనక, జనరేటరు గదికి పక్కన. బయట రేకుల కప్పు కింద రెండు బల్లలు. గాలి ఆడాలని మూడు వైపులా గోడ లేదు. అక్కడే జనం మూతి డబ్బాలో పెట్టి దగ్గుతారు, కాండ్రిస్తారు, కళ్ళు తుడుచుకుంటారు. నేలమీద పసుపూ పచ్చా మచ్చలు. ఆయా బ్లీచింగు చల్లిన చోట తెల్ల మచ్చలు. లోపలి గదికి చిన్న కిటికీ. కిటికీ వెనక ముక్కుకీ మూతికీ మాస్కుతో మా అత్త. ఇచ్చిన డబ్బాని వెలుగుకి ఎత్తి, అటూ ఇటూ వంచి చూస్తుంది.

"ఇది ఉమ్మి," అని వెనక్కి తోస్తుంది. "నాకు ఉమ్మెందుకయ్యా? ఊళ్ళో గోడలు చాల్లేదా? లోపల్నుంచి తియ్యి. కడుపులోంచి దగ్గు."

నీళ్ళలా ఉంటే ఉమ్మి. నురగ తేలితే అదీ ఉమ్మే, కాస్త కష్టపడ్డ ఉమ్మి. పచ్చగా, చిక్కగా, డబ్బా వంచితే తీగలా సాగి తిరిగి లోపలికి పడితే అత్త తల ఊపుతుంది. అప్పుడా మనిషికి పరీక్షలో నెగ్గినంత సంతోషం.

నా కాలేజీ ఆసుపత్రి వెనక వీధిలోనే. అత్త రోజు విడిచి రోజు కళ్ళజోడో, భోజనం డబ్బానో మర్చిపోయేది. తెచ్చిచ్చే పని నాది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక ముసలాయన డబ్బాలో నెత్తుటి చారలున్న ముద్ద చూశాను. షెడ్డు వెనక్కి పరుగెత్తి కక్కేశాను.

అత్త కిటికీలోంచి నీళ్ళ సీసా అందించింది. "నేనూ మొదటి వారమంతా కక్కాను. ఇప్పుడు కక్కనుగానీ అసహ్యం మాత్రం అట్లాగే ఉందే. ఉండాలి కూడా. అసహ్యం పోయినవాడు ఏదో ఒక రోజు ఆ చేత్తోనే మొహం తుడుచుకుంటాడు."

ఆ అసహ్యం తప్పు మనిషి మీదికి మళ్ళడం నేను డ్రైవింగ్ మాస్టారి విషయంలో చూశాను.

ఆయనకి నలభై దాటి ఉంటాయి. కారు నేర్పే బడిలో మాస్టారు. ఇస్త్రీ చొక్కా, దానిలో వేలాడుతున్నట్టు ఒళ్ళు. నేర్పేవాళ్ళ కాలి దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, పదిహేనేళ్ళు దాన్ని తొక్కిన అలవాటు. మాట్లాడుతున్నా, భయపడినా కుడికాలు నేలకి నొక్కేవాడు. రోగం బయటపడగానే బడి యజమాని రావద్దన్నాడు. ఇంట్లో ముందుగదిలో ఒక్కడే పడుకుంటున్నాడు. ఆరేళ్ళ కూతురు గుమ్మం అవతల నిలబడి నాన్నతో మాట్లాడుతుంది. తెమడలో క్రిమి పోయిందని మా అత్త రాస్తే ఆ పిల్ల గుమ్మం దాటవచ్చు. రెండు నెలలు మందులు వాడాక అందరికీ చేసినట్టే ఆయనకీ మళ్ళీ పరీక్ష చేశారు.

మొదట్లో మూడు ప్లస్సులు, అంటే సూక్ష్మదర్శినిలో క్రిములు కిక్కిరిసి ఉన్నాయని. ఇప్పుడూ మూడు ప్లస్సులే.

ఇలాంటప్పుడు మందు పనిచేస్తోందో లేదో మిషను చెబుతుంది. తెల్లటి పెట్టె, కాఫీ మిషనంత. తెమడని ఒక డబ్బీలో పోసి పెట్టెలో పెడితే రెండు గంటల్లో జవాబు. దాన్ని తెచ్చింది సార్. సార్ అంటే లేబొరేటరీ మీద అధికారి, ముప్పై మూడేళ్ళ కుర్ర డాక్టరు. మాట మెత్తన, చొక్కా తెల్లన. తెమడ డబ్బా మూత తీసి ఎరగడని ఆయా అంటుంది. ఆయన వచ్చాక గుడ్డు సీసాలు పాతకాలం సరుకైపోయాయి. అయినా నిబంధన ఉంది కాబట్టి, రెండు నెలల తర్వాత కూడా క్రిమి కనబడితే, మిషనుతో పాటు సీసాల్లో కూడా వేయాలి. అత్త వేసింది.

మిషను చెప్పింది: క్రిమి ఉంది, మందుకి లొంగుతుంది.

మందుకి లొంగే క్రిమి రెండు నెలలు మందు తిని కూడా బతికుందంటే, మందు తినలేదన్న మాట. సార్ ఫైలులో అదే రాశాడు. అత్త అదే నమ్మింది. ముప్పై ఏళ్ళలో మాత్ర నాలిక కింద దాచి కాలవలో ఉమ్మేసినవాళ్ళని, పూలకుండీలో పాతిపెట్టినవాళ్ళని చాలామందిని చూసింది మరి.

ఆ రోజు నేను కళ్ళజోడు ఇవ్వడానికి వెళ్ళాను. బల్లల మీద పదిమంది ఉన్నారు.

"ఏమయ్యా మాస్టారూ, మాత్రలు మింగుతున్నావా, మొక్కలకి వేస్తున్నావా?" అని అత్త కిటికీలోంచి గట్టిగా అడిగింది.

"మింగుతున్నానండీ మేడమ్."

"మిషను లేదంటోందే."

"దానికి నేనెవరో తెలీదు కదండీ," అన్నాడాయన. ఎవరో నవ్వారు. ఆయన కాలు నేలకి నొక్కుకుంది.

నవ్వు వినేసరికి అత్తకి ఒళ్ళు మండింది. "వేళాకోళమా? నాలిక ఎత్తు."

"ఏంటండీ?"

"నాలిక ఎత్తయ్యా. పొద్దుటి మాత్ర అక్కడ ఉందేమో చూస్తాను."

ఆయన భార్య పక్కనుంచి ముందుకొచ్చింది. "నేనే వేస్తున్నాను మేడమ్. నీళ్ళు తాగేదాకా అక్కడే నిలబడతాను. ఒట్టు."

"నీ ఎదురుగా మింగి, నీ వెనకాల కక్కుతాడమ్మా. నీలాంటి పిచ్చిమాలోకాల్ని ఎంతమందిని చూశానో. వీళ్ళు సగం సగం మింగబట్టే కదా మందులకి లొంగని జబ్బులు పుట్టుకొస్తున్నాయి. తనొక్కడే పోతే ఫర్వాలేదు, కారు అద్దాలు మూసుకుని ఎంతమందికి అంటించాడో!"

బల్లమీదివాళ్ళు ఇవతలికి జరిగారు. అందరికీ ఉన్నది అదే జబ్బు, అయినా జరిగారు. నేనూ ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన నోరు తెరిచి నాలిక ఎత్తాడు. కిందేమీ లేదు. కాస్త ఉమ్మి కారితే చేతిగుడ్డతో తుడుచుకుని, ఆ గుడ్డని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు లేదులే," అంది అత్త. కిటికీ తలుపు వేసేసింది.

రెండు వారాల తర్వాత ఆయన బరువు చూపించుకోవడానికి వచ్చాడు. పొద్దున్న తొమ్మిది. అత్త చెప్పాపెట్టకుండా ఒక ఖాళీ సీసా చేతిలో పెట్టింది. "పోసి పట్రా. ఇప్పుడే. మీ ఆవిడ ఇక్కడే ఉండాలి."

అది ఆవిడ పాత ఎత్తు. క్షయకిచ్చే మందుల్లో ముఖ్యమైనది ఎర్రమాత్ర. అది కడుపులో పడ్డ కొద్ది గంటలకే మూత్రం కమలాపండు రంగుకి తిరుగుతుంది. నోరు అబద్ధం ఆడొచ్చు, నాలిక దాచొచ్చు, ఇది దాగదు. తొందరపెట్టి పోయిస్తే రంగు కలిపి తెచ్చే వ్యవధి కూడా ఉండదు.

ఆయన తెచ్చిన సీసాని వెలుగుకి ఎత్తింది. ఎర్రగా, కమలాపండు తొక్కని పిండినట్టు ఉంది.

ఆ సాయంత్రం స్నానాల గదిలోంచి అత్త ఎంతసేపటికీ రాలేదు. మావయ్య తలుపు కొట్టాడు. "ఏమేవ్, గడియారం ఆగిందా?"

వచ్చి వంటింటి పీటమీద కూర్చుంది. "మింగుతున్నాడే," అంది నాతో.

"ఎవరు?"

"మాస్టారు. రోజూ మింగుతున్నాడు. నేను పదిమందిలో నాలిక ఎత్తించాను."

మింగుతున్న మందుకి క్రిమి ఎందుకు చావడం లేదని అడిగాను. అత్త చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఎర్రమాత్ర క్రిమి లోపలికి పోయి దాని వంటవాడి చెయ్యి పట్టుకుంటుంది. చెయ్యి కదలకపోతే వంట లేదు, వంట లేకపోతే క్రిమి చస్తుంది. కానీ ఒక మనిషి ఊపిరితిత్తుల్లో క్రిములు కోట్లు. అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు పుట్టవు. ఎక్కడో ఒకదానికి జన్యువులో ఒక్క అక్షరం మారి, వంటవాడి చెయ్యి వంకరగా పుడుతుంది. మాత్రకి పట్టు దొరకదు.

"మాత్ర దాన్ని పుట్టించదు. మిగతావాటిని చంపి దానికి ఇల్లు ఖాళీ చేసిపెడుతుంది. ఆ తర్వాత పుట్టేవన్నీ దాని పిల్లలే, అన్నీ వంకర చేతులే. దగ్గితే పక్కవాడికి కూడా అవే పోతాయి."

"మరి మిషను ఆ అక్షరం మారిందని చెప్పలేదా?"

"మిషను మొత్తం చదవదే. నూటికి తొంభై అయిదుసార్లు ఆ మార్పు ఒకే ముక్కలో ఉంటుంది. ఎనభై ఒక్క అక్షరాల ముక్క. అది చదివి ఊరుకుంటుంది. వాకిట్లో కాపలా పెట్టి పెరటి గోడ వదిలేసినట్టు."

"దొంగలకి పెరటి దారే తెలుసు," అన్నాడు మావయ్య.

"ఆ సంగతి నాకు శిక్షణలో చెప్పారండీ. కాగితమ్మీద రాసుకున్నాను కూడా. మనిషి ఎదురుగా నిలబడి మింగుతున్నానంటే గుర్తు రాలేదు."

ఇక చూడాల్సింది గుడ్డు సీసాలు. ఒక్కో రోగికి రెండు సీసాలు వేస్తారు. ఒకటి ఉత్త గుడ్డుది. రెండోదానిలో గుడ్డుతో పాటు ఎర్రమాత్ర మందు కూడా కలిపి ఉంటుంది, గుర్తుకి మెడకి ఎర్ర దారం. మందుకి లొంగే క్రిమి అయితే దారం లేని సీసాలో మొలుస్తుంది, దారం ఉన్నది నున్నగా ఉండిపోతుంది. మిషనులా అక్షరాలు చదవడం వాటికి రాదు. తిని బతికిందా, చచ్చిందా, అంతే.

ఆరోవారం రెండు సీసాల్లోనూ మొలిచింది. దారం ఉన్నదానిలో కాస్త ఆలస్యంగా, కాస్త చిన్నగా మొలిచింది. పొడిపొడిగా, గోధుమరంగులో.

తర్వాత గదిలో జరిగింది అత్తా, నేల తుడుస్తున్న ఆయా ఇద్దరూ చెప్పగా విన్నాను. ఇద్దరి మాటా ఒకటే.

సార్ సీసాలని దూరంనుంచే చూశాడు. "మార్చి పెట్టుంటారు మేడమ్. మందుది, మామూలుది."

"మార్చి పెడితే ఒకటి ఖాళీగా ఉండాలి కదా సార్. రెంటిలోనూ మొలిచింది."

"అయితే కలుషితం. బయటి సూక్ష్మజీవి ఏదో పడి ఉంటుంది. మీ చేతులకీ వయసొచ్చింది కదా," అని నవ్వాడు.

"బయటిది పడితే మూడు రోజుల్లో గుడ్డు కరిగి కంపు కొడుతుంది సార్. మూత తియ్యకుండానే తెలుస్తుంది. ఇది ఆరువారాలు తీసుకుంది. పొడిగా ఉంది. మీరు ఒక్కసారి దగ్గరికొచ్చి చూడండి."

ఆయన దగ్గరికి రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి, మెత్తగా చెప్పాడు. వచ్చే వారం తనిఖీ ఉంది. లేబొరేటరీకి గుర్తింపు కొనసాగాలంటే మిషను జవాబూ సీసా జవాబూ కలవాలి. కలవకపోతే ప్రశ్నలు, పై లేబొరేటరీకి పంపడాలు, ఆ ఉత్తరాలు. "కలుషితం అని రాసి సీసా ఉడకేయించండి మేడమ్. ఆయన దగ్గర కొత్త తెమడ తీసుకుని మళ్ళీ వేద్దాం. మనమేం కాదనడం లేదు కదా."

"మళ్ళీ ఆరువారాలు. అప్పటిదాకా ఆయన అవే మాత్రలు మింగుతూ దగ్గుతాడు."

"మింగితే కదా మేడమ్."

"మింగుతున్నాడు. నేను చూశాను."

"ఏం చూశారు?"

"ఉచ్చ చూశాను," అంది అత్త. సార్ మొహం చిట్లించాడట. ఆయా ఆ మొహం పెట్టి చూపించింది కూడా.

సార్ వెళ్ళిపోయాక అత్త రిజిస్టరు తెరిచి పెన్ను తీసింది. ఆ మాట రాయడం ఆవిడకి కొత్త కాదు. మిషను వచ్చాక రెండేళ్ళలో జవాబులు కలవని సీసా ఎదురైనప్పుడల్లా అదే రాసింది. ఆ గదిలో అందరూ చేసేది అదే. కలుషితం అంటే ఎవరూ ఏమీ అడగరు. కడిగేస్తారు. పెన్ను పట్టుకుని పేజీలు వెనక్కి తిప్పింది. పధ్నాలుగు నెలల వెనక్కి వెళ్ళాక ఆగింది.

ఒక మనిషి. రెండు సీసాల్లోనూ మొలిచింది. మిషను లొంగుతుందంది. ఎదురుగా తన గుండ్రటి చేతిరాత: కలుషితం. చిరునామా గడిలో అదే డ్రైవింగ్ బడి.

అత్తకి ఆ మనిషి గుర్తొచ్చాడు. జుట్టుకి నల్లరంగు వేసుకుని వచ్చేవాడు. దగ్గుతూనే "మీకు కారు నేర్పనా మేడమ్?" అని అడిగేవాడు. ఆ బడిలో పెద్ద మాస్టారు. చివరి గడిలో ఇంకెవరిదో చేతిరాత: చికిత్సకు సహకరించలేదు, ఎనిమిదో నెలలో మరణం.

ఇది అత్త వంటింట్లో చెప్పింది. ఏడవలేదు. ముక్కు చిట్లించి, కుళ్ళిన కూర ముందు పెట్టినట్టు మొహం పక్కకి తిప్పుకుని చెప్పింది. ఆ మొహం ఎన్నో వందల డబ్బాల మీద నేను చూసిందే.

"అప్పుడు సార్ గట్టిగా చెప్పను కూడా చెప్పలేదే. మిషనుతో కలవలేదండీ అంటే, మీకు తెలుసుగా అన్నాడు. నేను అడగలేదు. బస్సుకి టైమయింది. రాసేసి పరుగెత్తాను. ఆయన అదే కారులో ఈయన పక్కన కూర్చుని ఇంకో మూడు నెలలు దగ్గాడు."

మావయ్య ఆ పూట జోకు వెయ్యలేదు. పళ్ళెం తీసుకొచ్చి ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని దూరంగా జరిపింది.

సీసాని పై లేబొరేటరీకి పంపాలంటే ఉత్తరం కావాలి. అక్కడ క్రిమి జన్యువు మొత్తం అక్షరం అక్షరం చదివే యంత్రం ఉంది. "నువ్వు భాష చదువుకున్నావు కదా, రాసిపెట్టు," అంది. నేను శ్రద్ధగా రాశాను. గతంలో ఇటువంటి ఒక నమూనా విషయమున పొరపాటు జరిగినదని విన్నవించుకుంటున్నాను.

అత్త చదివి పెన్నుతో అడ్డంగా గీసింది. "ఎవరు విన్నవించుకునేది? తిండి అరక్క రాసినట్టుంది. ఫలానా నంబరు సీసా మీద నేను తప్పు రాశాను, మనిషి పోయాడు. ఇది రెండో సీసా, చదవండి. అంతే రాయి."

"మీ మీదికి వస్తుందేమో అత్తా."

"రానీ. ఎనిమిది నెలల్లో రిటైరవుతాను. అప్పుడు ఇంట్లో కూర్చుని దీన్ని తలుచుకుంటూ సొరకాయ తరుక్కోమంటావా?"

సీసాల్ని మూడు డబ్బాల్లో ఒకదానిలో ఒకటి పెట్టి, చుట్టూ దూది కుక్కి, సీలు వేసి పంపడం ఆవిడ రోజువారీ పనే. మర్నాడు పొద్దున పంపేసింది. పంపినవారి సంతకం గడిలో తన పేరు రాసింది. సార్‌కి సాయంత్రం తెలిసింది. తనిఖీ వాయిదా పడింది. అనుమతి లేకుండా నమూనా పంపినందుకు సంజాయిషీ ఇమ్మని అత్తకి కాగితం వచ్చింది. మూడు వారాలు గదిలో ఎవరూ ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయా ఒక్కతే, "మీ పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయేగా, ఇప్పుడు కొత్తేముంది మేడమ్," అంది.

ఆ మూడు వారాలూ మాస్టారు మింగుతూనే ఉన్నాడు. బరువు ఇంకో రెండు కిలోలు తగ్గాడు.

జవాబు వచ్చింది. ఒక్క అక్షరం మారింది. మిషను చదివే ఎనభై ఒక్క అక్షరాలకి అవతల. ఎర్రమాత్ర ఆ క్రిమిని ఏమీ చెయ్యలేదు. దానితో కలిపి ఇచ్చే రెండో మాత్రకి లొంగని మార్పు కూడా ఉంది. మందులు వెంటనే మార్చాలి. అదే బడిలో పనిచేసినవాళ్ళనీ, నేర్చుకున్నవాళ్ళనీ పిలిచి చూడాలి.

తర్వాతి వారం సార్ సమావేశం పెట్టాడు. అరుదైన మార్పుని మన లేబొరేటరీ పట్టుకుందన్నాడు. ఫోటో తీశారు. మధ్యలో మిషను, దాని మీద సార్ చెయ్యి, అంచున మా అత్త సగం భుజం. సంజాయిషీ కాగితం మాత్రం ఫైలులోనే ఉండిపోయింది.

"ఒకే చేత్తో దండా, దండనా," అన్నాడు మావయ్య ఫోటో చూసి.

"దండ నాకెక్కడ వేశారు? పెట్టెకి వేశారు," అంది అత్త. ఆ ఫోటోని మంచినీళ్ళ గ్లాసు మీద మూతగా పెట్టింది.

పాత రిజిస్టరులో ఆ పెద్ద మాస్టారి పేరు ఎదుట సవరణ రాయాలని సార్‌ని అడిగింది. "పోయినవాడికి రిపోర్టెందుకు మేడమ్?" అన్నాడాయన, ఫోను చూసుకుంటూ. అత్త సీటుకొచ్చి, కలుషితం అన్న మాట కింద ఎర్రసిరాతో రాసింది: కాదు. క్రిమి మొలిచింది. తప్పు నాది. సంతకం, తేదీ.

కొత్త మందులు మాస్టారి కడుపుని కుళ్ళబొడిచాయి. వాంతులు, కాళ్ళ తిమ్మిర్లు, నోటినిండా ఇనప రుచి. అయినా మింగాడు. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గరికి వచ్చాడు. నేను భోజనం డబ్బా ఇచ్చి బల్లమీద కూర్చుని ఉన్నాను. చొక్కాలో ఒళ్ళు కాస్త నిండింది. డబ్బా ఇస్తూ మొహమాటంగా నిలబడ్డాడు.

"పొద్దుట్నుంచీ దగ్గుతున్నానండీ మేడమ్. ఇంతే వచ్చింది."

అత్త డబ్బా ఎత్తి వంచింది. పలచటి నీళ్ళు, రెండు బుడగలు. ముప్పై ఏళ్ళు కిటికీలోంచి వెనక్కి తోసిన సరుకు.

"ఉమ్మి," అంది.

"అవునండీ. తిట్టకండి. లోపల ఏమీ లేదు."

"తిట్టను. ఇంతే రావాలి." డబ్బా లోపల పెట్టుకుంది. "మీ అమ్మాయిని ఇంకొక్క నెల గుమ్మంలో ఆగమనండి. ఈ డబ్బాలోనూ, వచ్చే నెల డబ్బాలోనూ ఏమీ కనబడకపోతే రానివ్వచ్చు."

అండీ అనడం ఆయనా గమనించాడు. ధైర్యం వచ్చినట్టుంది. "మా పెద్ద మాస్టారు కూడా ఇక్కడికే వచ్చేవారు. నాకు కారు నేర్పింది ఆయనే. ఆయనకీ ఈ కొత్త మందులే ఇచ్చారా మేడమ్?"

"లేదండీ."

"ఆయనకి పడలేదా?"

అత్త మాస్కు కిందికి లాగింది. ఆ కిటికీ దగ్గర ఆవిడ మొహం మొత్తం నేను చూడటం అదే మొదలు. "ఆయన సీసాలోనూ ఇదే మొలిచింది. పాడైన సీసా అని నేను రాశాను. పరీక్ష ముందుకి పోలేదు. ఆయన సరిగ్గా మింగలేదని ఫైలు మూసేశారు."

మాస్టారి కుడికాలు నేలకి నొక్కుకుంది. అట్లాగే ఉంచాడు.

"ఆయన మాత్రలు కాయితమ్మీద వరసగా పేర్చుకుని మింగేవారండీ," అన్నాడు. "మేమంతా కూడా అబద్ధమనే అనుకున్నాం. చివరికి వాళ్ళావిడ కూడా."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆ రోజు పదిమందిలో ఆయన నాలిక ఎత్తినప్పుడు కిటికీ లోపల్నుంచి బయటికి వచ్చిన చూపే, ఇప్పుడు బయట్నుంచి లోపలికి వెళ్ళింది. ఆవిడ తల దించుకోలేదు.

"వాళ్ళావిడ ఎక్కడుంటారో చెప్పగలరా?" అని అడిగింది.

ఆయన జేబులోంచి చేతిగుడ్డ తీసి మూతి తుడుచుకున్నాడు. నాలుగు మడతలు పెట్టాడు. "పక్క వీధేనండీ. మీరు వెళ్తారా?"

"వెళ్తాను."

"అయితే ఆవిడకి మీరే చెప్పండి. నేను మీతో రాను," అన్నాడు. చిరునామా చెప్పి వెళ్ళిపోయాడు.

అత్త డబ్బా మీద నంబరు రాసి, మాస్కు పైకి లాక్కుని, తర్వాతి మనిషి కోసం చెయ్యి బయటికి చాపింది.